ఓడలో పనిచేసే మనవాళ్లకు పార్సిల్ పంపాలంటే

ఓడకు నేరుగా పోస్ట్ రాదు, అది ఆగబోయే రేవులో కంపెనీ తరఫున పనులు చూసే ఏజెంట్ ఆఫీసుకు పంపాలి. అందుకే ముందు మనవాళ్లనో కంపెనీ క్రూ విభాగాన్నో అడిగి ఏజెంట్ చిరునామా తీసుకోండి. కవరు మీద మనిషి పేరు, హోదా, ఓడ పేరు, 7 అంకెల ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య), కింద ఏజెంట్ చిరునామా, ఫోన్ రాయండి.

ఓడ రేవుకు వచ్చే తేదీ మారుతూనే ఉంటుంది, చివరి నిమిషంలో రేవే మారిపోవచ్చు కూడా, కాబట్టి పార్సిల్ కొన్ని రోజులు ముందే చేరేలా చూడండి, ట్రాకింగ్ నంబరు ఏజెంట్‌కు మెయిల్ చేయండి. దుబాయ్, సింగపూర్ వైపైతే మసాలాల్లో గసగసాలు అస్సలు వద్దు, అక్కడ అవి నిషేధం. పాస్‌పోర్టు లాంటివి పోస్టులో పెట్టకండి. అదే ఓడ ఎక్కబోయే మనిషెవరైనా దొరికితే, లోపల ఏముందో చూపించి వాళ్ల చేతికివ్వడమే నా దృష్టిలో అన్నిటికన్నా మంచిది.