రాగికి తోడు మరో లోహం – ఆరో పాఠం: శాతం పెరిగితే ఇథిలీన్ పెరిగినట్టేనా?

ఈ పాఠాలు కార్బన్ డయాక్సైడ్‌ను సెల్‌లో కరెంటుతో ఇథిలీన్‌గా మార్చే రాగి ఎలక్ట్రోడ్ల గురించి. అదే ఎలక్ట్రోడ్ మీద నీళ్ల నుంచి హైడ్రోజన్ కూడా వస్తుంది, దానికి పోయిన కరెంటు మనకు వృథా. ఈసారి తగరం గురించి చెప్తానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. ఐదో పాఠం చివర ఇచ్చిన లెక్కకు నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు నుంచి వచ్చిన జవాబులు చూశాక, ఇది తేల్చకుండా ముందుకు పోతే తర్వాతి పాఠాలేవీ నిలబడవనిపించింది.

లెక్క మళ్లీ చెప్తాను. ఒక్కో చదరపు సెంటీమీటరున్న రెండు ఎలక్ట్రోడ్లు, రెండింటికీ ఒకే వోల్టేజి. ఒకటి ఉత్త రాగి. దానిలో మొత్తం కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, ఇథిలీన్‌కు ఫారడే సామర్థ్యం (మొత్తం కరెంటులో ఆ పదార్థం తయారీకి పోయిన శాతం) 30 శాతం, హైడ్రోజన్‌కు 45 శాతం. రెండోది వెండి పట్టించిన రాగి. మొత్తం కరెంటు 12, ఇథిలీన్ 40 శాతం, హైడ్రోజన్ 15 శాతం. ఇథిలీన్ ఎక్కువ తయారయ్యేది దేని మీద?

దాదాపు అందరూ రెండోదన్నారు. కారణం కూడా ఒకటే రాశారు, 30 కంటే 40 పెద్దదని.

20లో 30 శాతం అంటే 6 మిల్లీ ఆంపియర్లు. 12లో 40 శాతం అంటే 4.8. ఇథిలీన్ తగ్గింది, అదీ అయిదో వంతు తగ్గింది. మైపాడు వైపు వనామీ సాగు చేసే రైతునెవరినైనా అడగండి. లక్ష సీడు వేసి 80 శాతం బతికిన చెరువు మేలా, రెండు లక్షలు వేసి 60 శాతం బతికిన చెరువు మేలా అంటే ఆయన శాతాల జోలికే పోడు, పట్టుబడి రోజు కాటా మీద ఎంత తూగిందో చెప్తాడు. మనకు కాటా పాక్షిక కరెంటు. అంటే మొత్తం కరెంటులో ఆ ఒక్క పదార్థం తయారీకి పోయినన్ని మిల్లీ ఆంపియర్లు.

మరి శాతం ఎందుకు పెరిగింది? హైడ్రోజన్ వరస చూడండి. ఉత్త రాగి మీద 20లో 45 శాతం, 9 మిల్లీ ఆంపియర్లు. వెండి పట్టించాక 12లో 15 శాతం, 1.8. ఇథిలీన్ 6 నుంచి 4.8కి దిగితే హైడ్రోజన్ 9 నుంచి 1.8కి పడిపోయింది. హైడ్రోజన్ పక్కకు తప్పుకుంది కాబట్టి ఇథిలీన్ వాటా పెద్దగా కనిపించింది, అంతే. అది తక్కువ పనేం కాదు, కరెంటు వృథా తగ్గింది. కానీ ‘వెండి ఇథిలీన్ తయారీని పెంచింది’ అని రాయడానికి మాత్రం ఈ అంకెలు చాలవు. ఈ పొరపాటు విద్యార్థుల దగ్గరే ఆగదు. శాతాల పటం ఒక్కటే వేసి, మొత్తం కరెంటు ఎక్కడా చెప్పకుండా ముగించిన పోస్టర్లు చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. శాతం రాసిన ప్రతిచోటా పక్కనే మిల్లీ ఆంపియర్లు రాయండి. ఈ పాఠాల్లో దీన్ని నియమంగానే పెడుతున్నాను.

ఇంతటితో కథ అయిపోలేదు. వెండి రాగి మీద కూర్చుంటే అంత మేర రాగి మూతపడుతుంది. ఉపరితలంలో మూడో వంతు వెండి అనుకుందాం. మిగిలిన రాగి మూడింట రెండు వంతులే. 4.8ని దానితో భాగిస్తే 7.2. ఉత్త రాగి మీద ఇది 6. అంటే మిగిలిన రాగి ప్రతి చదరపు సెంటీమీటరూ మునుపటికంటే ఎక్కువ పని చేస్తోంది. ఇప్పుడు వెండి నిజంగానే సాయం చేస్తుండవచ్చు.

ఈ రెండు లెక్కలూ రెండు వేర్వేరు దారులను సూచిస్తాయి. మొదటి దారిలో వెండి కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది. వెండి దాన్ని గట్టిగా పట్టుకోదు, వదిలేస్తుంది. పక్కనే ఉన్న రాగి అందుకుని రెండు కార్బన్లను జతచేస్తుంది. ఇది జరుగుతుంటే మిగిలిన రాగి మీద లెక్కించిన ఇథిలీన్ కరెంటు పెరగాలి. రెండో దారిలో కొంచెం వెండి రాగి పైపొరలోకి చొరబడుతుంది. వెండి పరమాణువు పెద్దది కాబట్టి పక్కనున్న రాగి పరమాణువులు ఒత్తుకుంటాయి. అలా ఒత్తుకున్న రాగి హైడ్రోజన్‌ను వదులుగా పట్టుకుంటుంది. అప్పుడు హైడ్రోజన్ కరెంటు పడిపోతుంది, శాతాలు మాత్రం అందంగా కనిపిస్తాయి. మామూలు ఉష్ణోగ్రతలో రాగి, వెండి దాదాపు కలవవు. అందుకే రెండు లోహాలూ పక్కపక్కనే విడివిడిగా నిలుస్తాయి, ఈ ప్రయోగానికి నేను ఎప్పుడూ వెండినే ముందు ఎంచుకునేది కూడా అందుకే.

మూడో వంతు వెండి అని ఎలా తెలుస్తుంది? చాలామంది ఈడీఎస్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే పద్ధతి) అంకె రాశారు. అది మైక్రాన్ లోతు దాకా చూస్తుంది, అడుగున ఉన్న రాగినంతా కలిపి చెప్తుంది. మనకు కావలసింది పైనున్న కొన్ని నానోమీటర్లు. దానికి ఎక్స్‌పీఎస్ కావాలి, అంటే ఎక్స్‌రేలు తగిలినప్పుడు పైపొర నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను కొలిచే పద్ధతి.

ఒక్కో అణువు తయారీకి కావలసిన ఎలక్ట్రాన్ల సంఖ్యలో తప్పినవాళ్లకు ఒక్క మాట. ఇథిలీన్‌కు 12, ఆరు కాదు. ఆరు ఒక్కో కార్బన్‌కు, అణువులో కార్బన్లు రెండు. 12ని ఫారడే సంఖ్య 96,485తో ముందే గుణించి, మోల్‌కు 11.58 లక్షల కూలుంబులని నోట్‌బుక్ అట్ట లోపల రాసిపెట్టుకోండి. నేను ఆ అంకెతోనే మొదలుపెడతాను.

వెండి పట్టించడానికి రాగి రేకును ముంచే సిల్వర్ నైట్రేట్ ద్రావణం పాలలా తెల్లబడిందని కావలి నుంచి ఒకమ్మాయి ఫొటో పంపింది. అది నీళ్లలోని క్లోరైడ్. వెండి అంతా సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకు దిగిపోయింది, రేకు మీదికి పట్టింది చాలా తక్కువ. మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు తాగడానికి బాగుంటాయి కానీ ఈ పనికి డీఅయనైజ్డ్ (కరిగిన లవణాలు తీసేసిన) నీళ్లే కావాలి. బోరు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాటిలో ఇనుము ఏ కాస్త ఉన్నా కరెంటు నడిచే కొద్దీ రాగి మీద పేరుకుని హైడ్రోజన్‌ను పెంచుతుంది. నీళ్లు సరిగా ఉంటే ఏం కనిపించాలంటే, మెరుగుపెట్టిన ఎర్రటి రేకును పలుచటి ద్రావణంలో ముంచిన కొద్ది సెకన్లకే అంచుల నుంచి బూడిదరంగు పాకుతుంది. రేకంతా నల్లబడేదాకా ఉంచితే రాగి మిగలదు. బూడిదరంగు సమంగా పరుచుకోగానే తీసి కడిగేయండి.

కృష్ణపట్నం థర్మల్ ప్లాంటు పొగను నేరుగా సెల్‌లోకి పంపవచ్చా అని ఇద్దరు అడిగారు. పొగలో ఆక్సిజన్ ఉంటుంది. క్యాథోడ్ (మన రాగి ఎలక్ట్రోడ్) మీద కార్బన్ డయాక్సైడ్ కంటే ముందు అదే కరెంటు తినేస్తుంది. ముందు దాన్ని వేరుచేయాలి.

సెల్ నుంచి వచ్చే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు. గొట్టాన్ని ఫ్యూమ్ హుడ్‌ (ప్రయోగశాలలో విషవాయువులను బయటికి లాగేసే అర) లోకే వదలండి.

అభ్యాసం ఒక్కటే, కానీ పూర్తిగా చేయండి. మూడో ఎలక్ట్రోడ్, ఒక చదరపు సెంటీమీటరు, అదే వోల్టేజి, మొత్తం కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు. సెల్‌లోకి నిమిషానికి 20 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ పోతోంది, బయట కొలిస్తే 19 వస్తోంది. బయటికొచ్చే వాయువులను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో ఇథిలీన్ 500 పీపీఎమ్ (పది లక్షల వంతుల్లో 500). ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, పీడనం ఒక అట్మాస్ఫియర్. ఎక్స్‌పీఎస్ ప్రకారం ఉపరితలంలో నాలుగో వంతు వెండి. ఇథిలీన్ శాతం, పాక్షిక కరెంటు, మిగిలిన రాగి చదరపు సెంటీమీటరుకు కరెంటు, మూడూ రాయండి. రెండు ప్రవాహాల్లో ఏది వాడారో, ఎందుకు వాడారో రాయండి. హైడ్రోజన్ అంకె నేను ఇవ్వలేదు. అది లేకుండా వెండి ఏ దారిలో పనిచేసిందో ఎంతవరకు చెప్పగలరో, ఎక్కడ ఆగాలో అది కూడా రాసి పంపండి.