వేవిళ్లు, గుండెల్లో మంట, మోషన్ కష్టం: దేనికి ఏం చేయాలి

గర్భంతో ఉన్నప్పుడు వచ్చే వేవిళ్లు పేరుకే మార్నింగ్ సిక్‌నెస్. నాకైతే సాయంత్రం ఆరింటికి మొదలై పడుకునేదాకా వదిలేది కాదు, కాబట్టి పొద్దున రావట్లేదని ఏమీ అనుకోకండి.

సమస్య: కడుపులో తిప్పడం, వాంతులు
మామూలుగా ఆరో వారం అటూఇటూగా మొదలై, తొమ్మిదో వారం చుట్టూ బాగా ముదిరి, చాలామందికి 12 నుంచి 16 వారాల మధ్య తగ్గిపోతుంది. నిన్న ఏం తిన్నానా అని తవ్వుకోకండి, ఇది హార్మోన్ల పని, అందులోనూ మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే ప్రొటీన్ మెదడులో వాంతి పుట్టించే చోటుని కదిలిస్తుంది. ఖాళీ కడుపు దాన్ని ఇంకా ఎగదోస్తుంది.
పరిష్కారం: తలగడ పక్కన పొడి బిస్కెట్లు పెట్టుకోండి. నేను లైటు కూడా వేయకుండా పడుకునే రెండు నమిలేసి, పావుగంట ఆగి అప్పుడు లేచేదాన్ని, పక్కంతా పొడే అనుకోండి, అయినా వాంతి కంటే నయం కదా. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి, నీళ్లు తిండితో పాటు కాకుండా మధ్యమధ్యలో గుక్కగుక్కగా. వేడి వాసన పడకపోతే చల్లారాక తినండి. అల్లం కొందరికి పనిచేస్తుంది. అయినా ఆగకపోతే ఓర్చుకోవాల్సిన పనేం లేదు, విటమిన్ బీ6, డాక్సిలమిన్ కలిసిన మాత్ర ఉంది, డాక్టర్‌ని అడగండి. నిద్రమత్తు మాత్రం వస్తుంది.

సమస్య: గుండెల్లో మంట, పుల్ల త్రేన్పులు
ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ వల్ల అన్నవాహిక కింద ఉండే కవాటం వదులై యాసిడ్ పైకి తంతుంది, నెలలు నిండేకొద్దీ గర్భసంచి కూడా నెడుతుంది. తిన్నాక రెండు మూడు గంటలు పడుకోకండి, తల ఒక్కటే కాదు భుజాల దాకా ఎత్తు పెట్టుకుని ఎడమవైపు తిరిగి పడుకోండి. యాంటాసిడ్‌కీ ఐరన్ మాత్రకీ రెండు గంటలు గ్యాప్ ఉండాలి, లేదంటే ఐరన్ సరిగా ఒంటపట్టదు.

సమస్య: మోషన్ గట్టిగా రావడం
అదే ప్రొజెస్టరాన్ పేగుల్ని నెమ్మది చేస్తుంది, పైన ఐరన్ మాత్ర తోడు. నీళ్లు, పీచు, కాస్త నడక. మాత్ర మీ అంతట మీరు మానేయకండి, వేరే రకం మార్చమని అడగండి. ఐరన్ వల్ల మోషన్ నల్లగా రావడం మామూలే.

వెంటనే హాస్పిటల్‌కి ఎప్పుడంటే: రోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోతే, ఎనిమిది గంటలు యూరిన్ రాకపోతే, వాంతిలో రక్తం కనిపిస్తే, బరువు బాగా తగ్గిపోతుంటే. 20 వారాలు దాటాక కొత్తగా వాంతులు మొదలై, తలనొప్పి, చూపు మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే దాన్ని గ్యాస్ అని సరిపెట్టుకోకండి, అది బీపీ కావచ్చు, అర్ధరాత్రైనా సరే బయల్దేరండి.