దొంగతనం జరగకముందే వర్తించే సెక్షన్‌ను చదివే విధానం

దొంగతనాన్ని ముందే అడ్డుకోవడానికి చేసిన శిక్షాచట్టాన్ని చేతికి తీసుకున్నప్పుడు చాలామంది మొదట శిక్ష ఎంతో చూస్తారు. అయితే ఇలాంటి కేసులో పోయిన సొత్తు ఉండదు, కొన్నిసార్లు బాధితుడూ ఉండడు కనుక, మనిషి ఏ దశలో పట్టుబడితే అది నేరమవుతుందో ముందుగా తేల్చుకోవాలి.

ఆలోచన, సన్నాహం, ప్రయత్నం, నేరం అని వరుసగా రాసుకొని, సెక్షన్ ఎక్కడ మొదలవుతుందో గుర్తు పెట్టండి. ప్రయత్నం విషయంలో పెద్దగా తగాదా లేదు: ఖాళీ జేబులో చెయ్యి పెట్టినవాడు కూడా దోషేనని 1860 నాటి భారత శిక్షాస్మృతి ఉదాహరణతో చెప్పింది, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 62వ సెక్షన్ కూడా దాన్ని నిలుపుకొంది. చిక్కంతా సన్నాహం దగ్గరే. ఐదుగురు లేదా అంతకు మించినవారు కలిసి చేసే బందిపోటు దోపిడీకి సిద్ధపడటం ఆ సంహిత ప్రకారం నేరం. మామూలు దొంగతనానికి సిద్ధపడటాన్ని మాత్రం అది విడిగా శిక్షించదు. ఇంగ్లండ్‌లో 1968 నాటి దొంగతనాల చట్టం, 25వ సెక్షన్ కింద, దొంగతనానికి వాడే ఉద్దేశంతో ఏ వస్తువునైనా నివాసం వెలుపల వెంట ఉంచుకోవడాన్నే మూడేళ్ల వరకు జైలుకు తగిన నేరంగా చేసింది.

దశ తేలాక, ఉద్దేశాన్ని ఎవరు, దేనితో రుజువు చేయాలో వెతకండి. ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. స్క్రూడ్రైవర్ ఎలక్ట్రీషియన్ సంచిలోనూ ఉంటుంది కనుక, వస్తువు ఒక్కటే దొరికితే కేసు నిలవదు. దొంగతనం కోసమే తయారుచేసిన లేదా మార్చుకున్న పనిముట్టయితే, అది దగ్గర ఉండటమే ఉద్దేశానికి సాక్ష్యమవుతుందని ఆ ఇంగ్లండు సెక్షనే చెబుతుంది. సాక్ష్యమే తప్ప తీర్పు కాదన్నది గమనించండి. ‘తగిన కారణం చూపకపోతే’ వంటి మాటలు కనిపిస్తే, రుజువు చేసే బరువు నిందితుడి మీదికి జరిగినట్టే.

ఆ తర్వాత, సెక్షన్ పనిని వర్ణిస్తోందా, మనిషినా అని చూడండి. బ్రిటన్‌లో 1824 నాటి చట్టం ‘అనుమానితుడు’ దురుద్దేశంతో తచ్చాడటాన్ని నేరంగా చేసింది. ఆ భాగాన్ని 1981లో తీసేశారు. ఇక్కడ 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఏకంగా పుట్టుకనే ఆధారం చేసుకుంది, 1952లో రద్దయ్యేదాకా. నా దృష్టిలో అది నివారణ పేరుతో చేసిన అన్యాయమే.

బైండోవర్‌ను, అంటే సత్ప్రవర్తనతో ఉంటానని ముందుగానే హామీ రాయించుకోవడాన్ని, ఈ లెక్కలో కలపకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 129వ సెక్షన్ కింద అలవాటుగా దొంగతనాలు చేసేవారి నుంచి మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు తీసుకోవచ్చు. అది శిక్ష కాదు, కానీ కోరిన పూచీకత్తు ఇవ్వలేకపోతే జైలు తప్పకపోవచ్చు. కాబట్టి మెజిస్ట్రేట్ ఉత్తర్వులో అందిన సమాచార సారాంశం, బాండు మొత్తం, కాలపరిమితి రాసి ఉన్నాయో లేదో తప్పక చూడండి.