ఆన్‌లైన్ స్పోర్ట్స్ మేనేజర్ గేమ్‌లో కాయిన్ల మోసాలు ఆపడం ఎలా?

హనుమకొండలో మా కబడ్డీ మేనేజర్ లీగ్ సర్వర్ చూసుకునేది నేనే. ఒక్కొక్కరు ఒక్కో క్లబ్ నడుపుతూ, కాయిన్లతో ఆటగాళ్లను కొని అమ్ముకునే ఆన్‌లైన్ ఆట ఇది. సొంతంగా ఇలాంటి ఆట రాసుకుంటున్న కుర్రాళ్లు సలహా కోసం వస్తుంటారు. అందరిదీ ఒకటే కథ. మ్యాచ్ ఎలా ఆడించాలన్నదాని మీద నెలలు పెడతారు, ఆటగాళ్లు చేతులు మారే ట్రాన్స్‌ఫర్ మార్కెట్‌ను ఒక్క రాత్రిలో ముగిస్తారు. రెండో సీజన్ నడిచేసరికి కాయిన్లన్నీ ఒకరిద్దరి దగ్గర పోగుపడతాయి, మిగతావాళ్లు విసుగొచ్చి మానేస్తారు. అప్పుడు దొంగల కోసం వెతుకుతారు. ఒకణ్ని బ్యాన్ చేస్తే వాడే ఇంకో పేరుతో వస్తాడు. డబ్బు జారిపోయే దారులు మూయాలి, అదీ మొదటి సీజన్ తెరవకముందే.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ట్రాన్సాక్షన్లు ఉన్న, అంటే ఒక పనిలోని మార్పులన్నీ కలిసి జరిగే లేదా ఏదీ జరగని డేటాబేస్ (పోస్ట్‌గ్రెస్ చాలు), రోజూ బ్యాకప్, లెక్కలు చూసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్.

1. పద్దు రాయండి

ప్రతి కాయిన్‌కూ జమ, ఖర్చు పద్దు ఉండాలి. క్లబ్ నిల్వ అంటే ఆ పద్దుల మొత్తమే. పడిన పద్దును దిద్దకూడదు. తప్పయితే ఎదురు పద్దు వేయాలి. దశాంశాలు వద్దు, పూర్ణాంకాలే వాడండి. వేలంపాట మొత్తం సున్నాకంటే ఎక్కువేనా అన్నది ఫోన్‌లో కాదు, సర్వర్‌లో చూడాలి. కొనేటప్పుడు ఆ క్లబ్ ఖాతాను లాక్ చేయండి. లేకపోతే రెండు ఫోన్లలో ఒకేసారి బటన్ నొక్కినవాడు ఒకే డబ్బుతో ఇద్దరు రైడర్లను తెచ్చుకుంటాడు. పెద్ద అంకెలతోనూ పరీక్షించండి. 2013 మేలో డయాబ్లో 3 ఆటలో భారీ మొత్తంలో బంగారం అమ్మకానికి పెట్టి రద్దు చేసుకుంటే, పెట్టినదానికంటే ఎక్కువ తిరిగొచ్చింది. ఆ లెక్క 32 బిట్ల సంఖ్యలో పట్టకపోవడమే కారణం.

2. కొత్త క్లబ్ డబ్బు కదలకుండా చేయండి

చేరగానే ఇచ్చే కాయిన్లు, ఆటగాళ్లు 30 రోజుల దాకా మార్కెట్‌లోకి రాకూడదు. ఆ కాయిన్లు శిక్షణకు, జీతాలకు, స్టేడియానికి మాత్రమే పనికిరావాలి. ఇది ఒక్కటి పెట్టినా, తమ అసలు క్లబ్‌కు డబ్బు చేరవేయడానికి వేరే పేర్లతో దొంగ అకౌంట్లు తెరిచేవాళ్ల ఉత్సాహం తగ్గుతుంది. కాయిన్లను అసలు రూపాయల్లోకి మార్చుకునే వీలు మాత్రం ఎప్పటికీ ఇవ్వొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025లో కేంద్రం చట్టమే తెచ్చింది.

3. ఊరికే లాభం తెచ్చే చక్రాలు వెతకండి

ఆటగాణ్ని సిస్టమ్ నుంచి కొని, రెండు సెషన్లు శిక్షణ ఇచ్చి, మళ్లీ సిస్టమ్‌కే అమ్మితే లాభం మిగులుతోందా? మిగిలితే ఎవడో ఒకడు స్క్రిప్ట్ రాసి రాత్రంతా అదే పని చేయిస్తాడు. సిస్టమ్ తిరిగి కొనే ధర ఎప్పుడూ కొన్న ఖర్చు, శిక్షణ ఖర్చు కలిపినదానికి కిందే ఉండాలి. కొన్న వెంటనే తిరిగి అమ్మే బేరగాళ్లకు పన్ను వేయండి. 1997లో స్వీడన్‌లో మొదలైన ఆన్‌లైన్ ఫుట్‌బాల్ మేనేజర్ ఆట హాట్‌ట్రిక్‌లో, ఆటగాడు క్లబ్‌లో ఎంత తక్కువ కాలం ఉంటే అమ్మినప్పుడు కమీషన్ అంత ఎక్కువ కోస్తారు. ఆ పద్ధతినే తీసుకోండి, కొత్తది కనిపెట్టే పని లేదు.

4. ట్రాన్స్‌ఫర్ మార్కెట్

అందరూ పాడు చేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

క్లబ్‌కూ క్లబ్‌కూ మధ్య నేరుగా మార్పిడి ఉండకూడదు. అమ్మకం ఏదైనా బహిరంగ వేలంలోనే, కనీసం 48 గంటలు. చివరి మూడు నిమిషాల్లో పాట పడితే గడువు ఇంకో మూడు నిమిషాలు జరగాలి. ఇంతవరకు చాలామంది చేస్తారు. చేసి, వేలం పెట్టేశాం కదా, ఇక టెన్షన్ లేదు అనుకుంటారు. వేలం ఆపేది తక్కువ ధరకు అమ్మడాన్ని మాత్రమే. దోస్తుకు వెయ్యి కాయిన్లకే ఇద్దామనుకుంటే మధ్యలో ఎవరో ఒకరు పై పాట పాడతారు. కావాలనే ఎక్కువ పెట్టి కొనేవాణ్ని వేలం ఏమీ చేయలేదు, ఎందుకంటే నష్టపోవడమే వాడికి కావాలి.

2023 ప్రో కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టింది. ఐదు కోట్ల పర్సులో సగం దాటిపోయింది, మిగతా జట్టునంతా మిగిలినదానితోనే కట్టుకోవాలి. అంటే పెట్టిన ధర బరువు కొన్నవాళ్లే మోస్తారు. దొంగ అకౌంట్‌కు ఆ బాధ లేదు. దానికి జట్టు అక్కర్లేదు, గెలవనక్కర్లేదు.

కాబట్టి ప్రతి ఆటగాడికీ ఒక ఆధార ధర లెక్కగట్టాలి. గరిష్ఠ ధరను ఆధారంగా తీసుకోకండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చికి జెండా పాట (ఆ రోజు గరిష్ఠ ధర) పాడితే, ఆ ధర మంచి రంగున్న, బాగా ఆరిన కొద్ది బస్తాలకే. పేపర్లో వచ్చేది అదే గానీ, యార్డులో నిలబడ్డ రైతుల్లో ఎక్కువమందికి చేతికొచ్చేది అంతకంటే తక్కువ. సగటు కూడా వద్దు, రెండు దొంగ అమ్మకాలతో దాన్ని పైకి లేపొచ్చు. మధ్యగతమే (ధరలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) వాడండి: అదే స్థానం, దగ్గరి వయసు, దగ్గరి నైపుణ్యం ఉన్నవాళ్ల గత 30 రోజుల అమ్మకాల మధ్యగతం. ఒకే రెండు క్లబ్‌ల మధ్య ఎన్ని అమ్మకాలు జరిగినా అందులో ఒక్కటే లెక్కకు రావాలి.

ఒక ఉదాహరణ. 22 ఏళ్ల రైడర్, నైపుణ్యం 14. అలాంటివాళ్ల మధ్యగతం 41 వేలు. ఇతనికి చివరి నిమిషంలో 4 లక్షలు పడ్డాయి. కొన్న క్లబ్ ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ అమ్మకాన్ని రద్దు చేయొద్దు, ఎవరినీ దొంగ అనొద్దు. ఆధార ధరకు రెండు రెట్లు, అంటే 82 వేలు, అమ్మినవాడికి వెంటనే ఇవ్వండి. మిగతా 3,18,000 సిస్టమ్ దగ్గర ఏడు రోజులు ఆగాలి. ఈలోగా కొన్నవాడు ఆ రైడర్‌ను మ్యాచ్‌ల్లో దింపాడా, జట్టును మామూలుగా నడిపాడా చూడండి. నడిపితే మిగతాదీ అమ్మినవాడికి ఇచ్చేయండి. ఆటగాడు బెంచీ మీదే ఉండి, క్లబ్‌లోకి ఎవరూ లాగిన్ కూడా కాకపోతే ఆ డబ్బు ఆటలోంచే తీసేయండి. కొన్నవాడికి తిరిగివ్వడం మాత్రం అస్సలు వద్దు. ఇస్తే మళ్లీ ఇంకోచోట ప్రయత్నిస్తాడు. అమ్మినవాడు అమాయకుడే అయినా నష్టపోడు, మంచి ధరే వచ్చింది. మూడు రెట్లు పెట్టొచ్చుగా అని అడుగుతారు. రెండే పెట్టండి.

కొందరు దీనికి బదులు ధరకు పైహద్దు, కిందిహద్దు గీస్తారు. 2015 మార్చిలో ఫిఫా ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లోని అల్టిమేట్ టీమ్‌లో అదే చేశారు. పైహద్దు మరీ తక్కువగా పడిన మంచి ఆటగాళ్లను పెద్దగా ఎవరూ అమ్మకానికి పెట్టలేదు, కావాలన్నా దొరకలేదు. నిజాయితీగా ఆడేవాళ్లకే దెబ్బ. డబ్బును ఆపితే మార్కెట్ నడుస్తూనే ఉంటుంది.

ఇంకా తెలివైనవాళ్లు రెండు రెట్లకు కాస్త కిందే ఉంటూ చిన్న చిన్న అమ్మకాలు చేస్తారు. ఒకదాన్ని విడిగా చూస్తే ఏమీ కనిపించదు. అందుకే ప్రతి జంట క్లబ్‌ల మధ్య ఆధార ధరకు మించి ఎంత అటు వెళ్లింది, ఎంత ఇటు వచ్చింది అన్నది సీజన్ మొత్తానికి కూడండి. ఒక క్లబ్‌కు చాలా చిన్న క్లబ్‌ల నుంచి ఒకే దిక్కున వస్తుంటే స్ప్రెడ్‌షీట్‌లో వెంటనే తేలిపోతుంది. మూడు క్లబ్‌లు గుండ్రంగా తిప్పినా కూడికలో దొరుకుతుంది.

ఐపీ అడ్రస్ చూసి బ్లాక్ చేసే పని మాత్రం పెట్టుకోకండి. కాలేజీ హాస్టల్ వైఫై మొత్తం బయటికి ఒకటి రెండు అడ్రస్‌లుగానే కనిపిస్తుంది, మొబైల్ డేటాలోనూ ఎంతోమందిది ఒకే అడ్రస్. కాజీపేటలో ఒకే గదిలో ఉండి నాలుగు క్లబ్‌లు నడిపే నలుగురు రూమ్మేట్లు దొంగలు కారు. వాళ్లే మీ ఆటకు ప్రాణం, వాళ్లను పోగొట్టుకోకండి.

5. దొరికినప్పుడు

సర్వర్ మొత్తాన్ని వెనక్కి తిప్పొద్దు, తప్పు పద్దులకే ఎదురు పద్దులు వేయండి. ఏం జరిగిందో అందరికీ అదే రోజు చెప్పండి. లొసుగును వాడుకోకుండా మీకు చెప్పినవాడికి కాయిన్లు ఇవ్వండి, పేరు కూడా వేయండి.

ప్రతి సీజన్ తెరిచే ముందు రోజు మీరే రెండు కొత్త అకౌంట్లు తెరిచి, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి లక్ష కాయిన్లు పంపడానికి ప్రయత్నించండి. వెళ్తే సీజన్‌ను వాయిదా వేయండి.