ఇంట్లోని పతకం నుంచి సైనికుడి బతుకును రాయడం: గోదావరి ఊళ్ళ కుటుంబాలకు ఒక పద్ధతి

గోదావరి పాయల నడుమ ఉన్న ఊళ్ళలో, పెంకుటింటి అటక మీదనో, ఇనప్పెట్టె అడుగునో, రిబ్బను ఊడిపోయిన పతకం ఒకటి దొరికిందంటే ఆ ఇంట్లో ఒకప్పుడు ‘మిలట్రీ తాత’ ఒకరు ఉండేవారన్నమాట. ఆయన గురించి రాద్దామని కూర్చున్న మనవలు చాలామంది ఎక్కడ పోరాడాడు, ఏ సాహసం చేశాడు అన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, జవాబు చెప్పేవారు లేక రెండో పేజీలోనే ఆగిపోతారు. ప్రపంచ యుద్ధాలలో సామాన్య సైనికుడి రోజులు కాల్పులలోకంటే తడిలో, ఆకలిలో, జ్వరంలో ఎక్కువగా గడిచాయి. కాబట్టి ఆయన కాళ్ళు ఎలా ఉండేవి, ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు అన్న విషయాల దగ్గర మొదలుపెట్టమని నా సలహా. బర్మా సరిహద్దులో పనిచేసి వచ్చిన మా అమ్మమ్మ తమ్ముడి గురించి నేను ఈ పద్ధతిలోనే రాశాను.

ముందుగా పతకాన్ని చింతపండుతో తోమకండి. మొదటి యుద్ధపు పతకాల అంచు మీద సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. రెండో యుద్ధంలో భారత సైన్యానికి ఇచ్చినవాటి మీద కూడా సాధారణంగా పేరు కనిపిస్తుంది. తోమితే ఆ అక్షరాలే అరిగిపోతాయి. పలుచని కాగితాన్ని అంచు చుట్టూ బిగించి, పెన్సిలును పక్కకు వాల్చి మెల్లగా రుద్దితే అక్షరాలు తేలతాయి. మొదటి యుద్ధపు పతకం వెండిది కాక కంచుది అయితే ఆయన కూలి దళంలోనో, సైన్యం వెంట నడిచిన సేవకులలోనో ఉండి ఉండవచ్చు. దీన్ని తక్కువ సంగతిగా చూడకండి. వంటవాళ్ళు, కంచరగాడిదలను తోలినవాళ్ళు, డోలీలు మోసినవాళ్ళు, బాటలు వేసినవాళ్ళు లేకపోతే ఆ సైన్యం ఒక్క రోజు కూడా నిలిచేది కాదు.

కాగితాలలో ఊరి పేరు వెతికేటప్పుడు జిల్లా పేరు మోసం చేస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. అంతకుముందు నరసాపురం, భీమవరం ప్రాంతాలు కృష్ణా జిల్లాలో ఉండేవి కనుక, మొదటి యుద్ధానికి వెళ్ళిన భీమవరం మనిషిని కృష్ణా జిల్లా కింద వెతకాలి. మన పేర్లను అప్పటి గుమస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఇంటిపేరు వదిలేసి ఒంటి పేరు మాత్రమే రాయడం కూడా ఉంది. అందుచేత ఒక్కొక్క పేరుకు నాలుగైదు రకాల అక్షరక్రమాలు ముందే రాసి పెట్టుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘మా తాత రంగం నుంచి నడిచి వచ్చాడు’ అన్న మాట మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. రంగం అంటే బర్మాలోని రంగూను. రంగూను రేవులోను, బియ్యం మిల్లులలోను కూలిపనికి మన తీరం నుంచి వేలాదిమంది వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువాళ్ళకు ‘కోరంగీలు’ అన్న పేరే పడింది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు వీళ్ళలో ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన వెనక్కు బయలుదేరారు, ఎందరో దారిలోనే చనిపోయారు. కాబట్టి రంగం నుంచి నడిచి వచ్చినవాడు సైనికుడు కాకపోవచ్చు. ఆయన పడిన కష్టం సైనికుడి కష్టానికి ఏమాత్రం తీసిపోదు, అదీ రాయవలసిందే, కానీ దానిని వేరే కథగా రాయాలి. ఈ రెండూ కలిసిపోయిన కుటుంబ చరిత్రలు నేను కొన్ని చదివాను. వాటిని మళ్ళీ విడదీయడం ఎంతో కష్టం.

ఆనాటి సైనికులు మనకు దాదాపుగా మిగలలేదు. అడగవలసింది వాళ్ళ కొడుకులను, కూతుళ్ళను, పక్కింటి ముసలివాళ్ళను. వాళ్ళకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. ‘కాకినాడ మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయని చెప్పుకున్నప్పుడు ఆయన ఇంట్లో ఉన్నాడా?’ అని అడిగితే 1942 ఏప్రిల్ 6కు ముందో తరువాతో తేలిపోతుంది. ‘పెద్ద వరద వచ్చేసరికి పింఛను వస్తోందా?’ అంటే 1953 గుర్తుకు వస్తుంది. ఏ యేట ఎక్కడ ఉన్నాడో తెలిస్తే, ఆయన ఎలాంటి నేల మీద నిలబడ్డాడో మీరు చెప్పగలుగుతారు.

ఇక కాళ్ళ సంగతి. మన సైనికులు 1914 సెప్టెంబరు చివర పలుచని నూలు బట్టలతోనే ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగారు, ఆ చలికాలమంతా కందకాలలో గడిపారు. ఫ్రాన్సు, బెల్జియం సరిహద్దులోని ఫ్లాండర్స్‌లో రెండు మూడు అడుగులు తవ్వేసరికి నీరు ఊరుతుంది; లంక గ్రామాలవారికి ఇది వివరించనక్కరలేదు. లోతుగా తవ్వే వీలులేని చోట మట్టి బస్తాలు పేర్చి గోడలు కట్టుకుని, వాటి చాటున మోకాలి లోతు బురదలో నిలబడేవారు. ఊడ్పుల రోజులలో మన ఆడవాళ్ళకు కాలివేళ్ళ సందులు పాసిపోవడం అందరికీ తెలుసు, కానీ సాయంత్రానికి ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుని పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. అక్కడ మంచులాంటి నీటిలో, బిగిసిన బూట్లలో, రోజుల తరబడి నిలబడితే రక్తం ఆడక కాలు మొద్దుబారి, వాచి, చర్మం నల్లబడి, చివరకు వేళ్ళు తీసివేయవలసి వచ్చేది. తిమింగలం నూనె రాసుకోవడం, పొడి మేజోళ్ళు మార్చుకోవడం, ఒకరి కాళ్ళు ఒకరు పరీక్షించుకోవడం సైన్యంలో నియమమయ్యాయి. బట్టల కుట్లలో చీరపేలు గుడ్లు పెట్టేవి. కొవ్వొత్తి మంటను కుట్ల వెంట నడిపి వాటిని కాల్చేవారు, అవి తెచ్చిన జ్వరంతో వారాల తరబడి పడి ఉండేవారు.

ఇలాంటివి అడిగేటప్పుడు నేరుగా ‘అక్కడ ఏం జరిగింది’ అంటే జవాబు రాదు. ఇంటికి వచ్చిన తరువాత ఆయనకు మిగిలిన అలవాట్లను అడగండి. మా అమ్మమ్మ తమ్ముడిని చిన్నతాతయ్య అనేవాళ్ళం. ఆయన కూతురు, నాకు అత్తయ్య, చెప్పిన మాట ఇది: ఊడ్పుల కాలంలో పొద్దుగుంకేవేళ ఆయన అరుగు మీద కూర్చుని, పాలేర్లతో సహా చేలోంచి వచ్చిన అందరినీ కాళ్ళు చాపమని, పాత పంచె చింపిన గుడ్డతో వేళ్ళ సందులు ఒక్కొక్కటే తుడుచుకోమని, కొబ్బరినూనె రాసేదాకా అన్నానికి లేవనిచ్చేవారు కాదట. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను ఈ అలవాటును ఒక పేరాలోను, సైన్యంలో కాళ్ళ పరీక్ష ఉండేదన్న సంగతిని మరొక పేరాలోను రాశాను. రెండింటినీ కలిపే వాక్యం రాసే హక్కు నాకు లేదనిపించింది.

తిండి గురించి అడగడానికి ‘అన్నం దొరికేదా?’ అన్నది మంచి మొదటి ప్రశ్న. పెద్దవాళ్ళు ‘బస్రా’ అని చెప్పేది చాలావరకు మొదటి యుద్ధంలోని మెసొపొటేమియా, అంటే నేటి ఇరాక్. అక్కడి కుట్ పట్టణంలో 1915 డిసెంబరు 7 నుంచి 1916 ఏప్రిల్ 29 వరకు, దాదాపు ఐదు నెలలు మన సైన్యం తుర్కీ సేనల ముట్టడిలో చిక్కుకుంది. పిండి, పప్పు తరిగిపోయి గుర్రపు మాంసం పంచారు; భారతీయ సైనికులు చాలామంది మతాచారం వల్ల దానిని ముట్టలేదు, మతపెద్దల అనుమతి తెప్పించినా చాలాకాలం వెనకాడారు. కూరగాయలు లేక చిగుళ్ళు వాచి రక్తం కారే స్కర్వీ వచ్చింది. లొంగిపోయిన తరువాత ఎడారి వెంట బందీలుగా నడిచినవారిలో చాలామంది తిరిగి రాలేదు.

బర్మా అయితే జ్వరాన్ని అడగండి. 1943లో ఆ సరిహద్దులో గాయంతో ఆస్పత్రి చేరిన ఒక్కొక్క మనిషికి జబ్బుతో చేరినవారు 120 మంది. మలేరియా, విరేచనాలు, పురుగు కాటుతో వచ్చే టైఫస్ జ్వరం ముఖ్య కారణాలు. మలేరియా రాకుండా రోజూ మింగవలసిన మెపాక్రిన్ మాత్రల వల్ల ఒళ్ళు పసుపురంగుకు తిరిగేది. ‘తాతకు కామెర్లు వచ్చాయని ఎవరైనా అనుకున్నారా?’ అని అడిగి చూడండి. 1944 వానాకాలంలో కూడా సైన్యం ఆగలేదు. జలగలు పట్టిన కాళ్ళతో, విమానాలు జారవిడిచిన తిండితో ముందుకు నడిచింది.

తిరిగి రానివారి కోసం కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. తండ్రి పేరు, ఊరు కూడా కొన్నిచోట్ల ఉంటాయి. హిందూ సైనికులను దహనం చేసేవారు కనుక సమాధి కోసం చూడకండి, స్మారకం మీది పేరు కోసం చూడండి. కోహిమా దహన స్మారకం 917 మంది హిందూ, సిక్కు సైనికులది. రంగూను స్మారకం మీద దాదాపు 27,000 పేర్లు ఉన్నాయి. బస్రా స్మారకం మీద మాత్రం సామాన్య భారతీయ సైనికుల పేర్లు చెక్కలేదు, దళాల వారీగా సంఖ్యలు వేశారు. ఇలాంటి అసమానతలకు ఆ సంఘం 2021లో క్షమాపణ చెప్పింది. మీ ఇంటి మనిషి ఆ సంఖ్యలలో ఒకడైతే మీరు రాసే కాగితం విలువ ఎంతో మీకే తెలుస్తుంది. బతికి వచ్చినవారికి డిశ్చార్జి సర్టిఫికెట్టు మీది నంబరుతో, ఆయన దళాన్ని బట్టి, వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటుకో, బెంగళూరులోని మద్రాసు సాపర్లకో (సైన్యపు ఇంజినీరు దళానికో) ఉత్తరం రాయండి.

రాసేటప్పుడు ఇంట్లో విన్న మాటకు, కాగితంలో దొరికిన మాటకు, ఆ యుద్ధరంగం గురించి అందరికీ తెలిసిన మాటకు పక్కన వేర్వేరు గుర్తులు పెట్టండి. సినిమాలలో చూసిన దృశ్యాలతో ఖాళీలు నింపకండి. పూర్తయ్యాక చెప్పినవారి దగ్గర కూర్చుని పైకి చదివి వినిపించండి. నేను ‘తాతయ్య తెచ్చుకున్న సైన్యపు దుప్పటి’ అని రాసింది చదువుతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టి, ‘దుప్పటి కాదురా, కంబళి, ఎండాకాలంలో కూడా తల కింద అదే మడిచి పెట్టుకునేవారు’ అంది. ఆ పేజీ మళ్ళీ రాశాను.