పాత ప్రొజెక్షన్ టీవీని తూకానికి వేసే ముందు

పోయిన వేసవిలో ఇస్కపల్లి నుంచి ఒక రొయ్యల రైతు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్ద టీవీలో ఒక్కో మనిషి ముగ్గురుగా కనపడతా ఉండాడు. ఎర్రగా ఒకడు, పచ్చగా ఒకడు, నీలంగా ఒకడు. పాత సామాన్లాయన బండి వాకిట్లోనే ఉంది. వేసేయమంటావా?" బండిని పంపించేయమన్నాను. మర్నాడు నా బండి మీద పనిముట్లు వేసుకుని వెళ్లి చూశాను. ఆ టీవీ ఈ రోజుకీ నడుస్తోంది.

కావలిలో ఇరవై ఏళ్లకు పైగా టీవీలు బాగుచేస్తున్నాను. రొయ్యలకు మంచి రేటున్న రోజుల్లో అల్లూరు, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపు చాలా ఇళ్లకు 43 అంగుళాల ప్రొజెక్షన్ టీవీలు, అంటే పెట్టె లోపలి నుంచి తెర మీదికి బొమ్మ వేసే పెద్ద టీవీలు, వచ్చాయి. కొన్ని ఇక్కడ కొన్నవి, కొన్ని కువైట్ నుంచి తెచ్చుకున్నవి. ఇంటికి పెద్ద కొడుకంత గౌరవం వాటికి. ఇప్పుడు వాటిలో చాలా భాగం బాగయ్యే జబ్బుతోనే తూకానికి వెళ్లిపోతున్నాయి. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే, మీ ఇంట్లో ఇంకా ఒకటి ఉంటే ముందు ఏం చూడాలో, మెకానిక్‌కి ఏం చెప్పాలో రాస్తున్నాను.

మొదట మీది ఏ రకమో తేల్చుకోండి. ఆన్ చేయగానే ఫ్యాను చప్పుడు వచ్చి, బొమ్మ పూర్తి వెలుగుకి రావడానికి అర నిమిషమో నిమిషమో పడితే అది ల్యాంపు రకం. సన్నగా ఉంటుంది, స్టాండు మీద పెడతారు. బీరువాలాగా నేల మీద నిలబడి, కింద చక్రాలుండి, కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా ల్యాంపు మార్చకపోతే అది ట్యూబుల రకం. లోపల ఎరుపు, పచ్చ (ఆకుపచ్చ), నీలం రంగులకు మూడు చిన్న పిక్చర్ ట్యూబులు ఉంటాయి. ఆ మూడు బొమ్మలూ లెన్సుల గుండా వెళ్లి, అద్దం మీద పడి, తెర మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే మనకు రంగు బొమ్మ. ఈ కూర్చోబెట్టే పనినే కన్వర్జెన్స్ అంటారు.

ఇస్కపల్లి టీవీలో తప్పింది ఇదే. ఇలా కనిపిస్తే టీవీని ముందు ఇరవై ముప్పై నిమిషాలు వేడెక్కనివ్వండి. చల్లగా ఉన్నప్పుడు రంగులు కొంచెం పక్కకు జరిగి ఉండటం సహజం. తర్వాత మెనూలో కన్వర్జెన్స్ అని ఉంటుంది, నొక్కితే తెర మీద ప్లస్ గుర్తు వస్తుంది. పచ్చని కదల్చకూడదు. ఎరుపునీ నీలాన్నీ జరిపి పచ్చ మీదికి తెచ్చి కూర్చోబెట్టాలి. రెండు మూడు గీతలంత తేడా అయితే దీంతోనే పోతుంది, నన్ను పిలవనవసరం లేదు.

గీతలు విల్లులాగా వంగిపోయినా, ఒక రంగు బొమ్మ మొత్తం పైకో కిందికో జారిపోయినా అది మెనూతో అయ్యే పని కాదు. వెంటనే ఆపేయండి. చూస్తూ కూర్చుంటే పక్కనున్న రెసిస్టర్లు కూడా కాలతాయి. కన్వర్జెన్స్ పని చేసే ఐసీలు, అంటే చిప్పులు, చాలా సెట్లలో ఎస్టీకే 392 సిరీస్‌వి. వేడిని లాగే ఒక పెద్ద అల్యూమినియం దిమ్మకి, అంటే హీట్‌సింక్‌కి, బిగించి ఉంటాయి. ఐసీకీ హీట్‌సింక్‌కీ మధ్య రాసే తెల్ల పేస్టు ఏళ్ల తరబడి ఎండిపోతుంది. ఇస్కపల్లిలో నేను విప్పినప్పుడు అది గోడ సున్నంలాగా పొడి పొడిగా రాలింది. ఇక వేడి ఎటు పోతుంది? ఐసీ ఉడికిపోతుంది. మీ మెకానిక్‌ని రెండు మాటలు అడగండి. పేస్టు కొత్తది రాశావా, సప్లై లైనులోని ఫ్యూజులూ చిన్న రెసిస్టర్లూ మీటరు పెట్టి చూశావా? ఐసీ ఒక్కటే మార్చి వెళ్లిపోతే నెల తిరక్కుండా మళ్లీ పిలుస్తారు. ఇంకొకటి, నకిలీ ఐసీలు మార్కెట్లో చాలా ఉన్నాయి. నేను ఒకసారి తక్కువకు వచ్చిందని వేసి, పదిహేను రోజుల్లో అదే ఇంటికి మళ్లీ వెళ్లి నా డబ్బుతో మార్చి వచ్చాను. పాడైపోయిన వేరే సెట్టు నుంచి తీసిన అసలు ఐసీ దొరికితే కొత్త నకిలీ కన్నా అదే నయం.

అదే టీవీలో ఇంకొకటి కనపడింది. పచ్చ ట్యూబు కింద బోర్డు మీద జిగురు జిగురుగా తేనె కారినట్టు చార ఉంది. ట్యూబుకీ లెన్సుకీ మధ్య వేడి లాగడానికి కూలెంట్ ద్రవం పోసి ఉంటుంది. ఇథిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిసిన ద్రవం. రబ్బరు సీలు గట్టిపడితే అది కారి బోర్డు మీద పడుతుంది, రాగి గీతల్ని తినేస్తుంది. నల్లటి తెర మీద తెల్ల అక్షరాల చుట్టూ మంచు పట్టినట్టు వెలుగు కమ్ముకుంటే కూలెంట్ మసకబారిందని అనుమానించండి. దాన్ని తీసి కొత్తది పోస్తే బొమ్మ కడిగినట్టు అవుతుంది. టీవీ కింద నేల మీద చుక్క కనపడితే మాత్రం ప్లగ్గు తీసేసి, పిల్లల్నీ కుక్కనీ అటు రానివ్వకండి. ఆ ద్రవం తియ్యగా ఉంటుంది, కానీ విషం.

వెనక మూత మీరు తీయొద్దు. ఆ ట్యూబులకు దాదాపు 30,000 వోల్టులు అందుతాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంత లోపల నిలవ ఉంటుంది. నేను ఇన్నేళ్ల అనుభవంతో కూడా డిశ్చార్జి చేయకుండా చెయ్యి పెట్టను.

బాగుకాని జబ్బు ఒకటుంది, అది బొమ్మ అచ్చుపడిపోవడం. కావలి బస్టాండు దగ్గర ఒక మెస్సులో పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటిదాకా వార్తల చానలే పెట్టేవాళ్లు. కింద పరిగెత్తే స్క్రోలింగ్ పట్టీ, మూలన చానల్ గుర్తు, ఏళ్ల తరబడి అదే చోట. కార్తీక మాసంలో ఒక సాయంత్రం దేవుడి కార్యక్రమం పెడితే స్వామి పాదాల మీద అడ్డంగా ముదురు పట్టీ, కుడి పక్కన ఆ చానల్ గుర్తు. యజమాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏం చేయలేకపోయాను. ఆ చిన్న ట్యూబే తెరంత వెలుగునీ ఇవ్వాలి కాబట్టి, దాని లోపలి పూత మామూలు టీవీ కన్నా త్వరగా అరుగుతుంది. ట్యూబు మార్చడం తప్ప దారి లేదు. మంచి ట్యూబు దొరకడం గగనం.

కాబట్టి ఈ రోజే ఒక పని చేయండి. పిక్చర్ మోడ్ డైనమిక్‌లోనో వివిడ్‌లోనో ఉంటే స్టాండర్డ్‌కి తెచ్చి, కాంట్రాస్టు సగానికి తగ్గించండి. షాపులో ఆకర్షణగా కనపడాలని కంపెనీ నుంచే ఎక్కువ పెట్టి పంపేవాళ్లు. మొదటి రెండు రోజులు వెలుగు తక్కువ అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది. సెట్‌టాప్ బాక్స్ మెనూ తెర మీద వదిలేసి భోజనానికి వెళ్లొద్దు. ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో ఇస్తామంటే తెర నిండా తెల్ల బొమ్మ పెట్టించి చూడండి, అచ్చులన్నీ అప్పుడు బయటపడతాయి. కూర్చుని చూడండి, లేచి నిలబడి చూడండి. నిలబడితే వెలుగు తగ్గడం ఈ టీవీల గుణమే, అది లోపం కాదు.

ఇక ల్యాంపు రకం. వీటిల్లో డీఎల్‌పీ అనేది ఎక్కువగా చూశాను. 1987లో అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన చిప్పు దానికి గుండె. అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలుండే చిప్పు మీద 9,21,600 బుల్లి అద్దాలుంటాయి, ఒక్కో చుక్కకు ఒక్కో అద్దం. ల్యాంపు వెలుగు తిరిగే రంగుల చక్రం గుండా వచ్చి ఆ అద్దాల మీద పడుతుంది.

ఈ రకం టీవీల్ని మన దగ్గర చంపుతున్నది వయసు కాదు, కరెంటు కోత. ల్యాంపు లోపల పాదరసపు ఆవిరి విపరీతమైన ఒత్తిడిలో, విపరీతమైన వేడిలో ఉంటుంది. రిమోట్‌తో ఆపినా ఫ్యాను ఇంకా కొంతసేపు తిరుగుతూ ఆ వేడిని లాగుతుంది. కరెంటు పోతే ఆ ఫ్యానూ ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రిమోట్ నొక్కిన మరుక్షణం గోడ స్విచ్ కూడా కట్టేస్తారు. ఫ్యాను ఆగిపోయి, ల్యాంపు తన వేడిలో తానే మగ్గుతుంది. సింగరాయకొండలో ఒక ఇంట్లో పెద్దాయనకి పడుకునే ముందు అన్ని స్విచ్‌లూ కట్టే అలవాటు. వాళ్లింట్లో రెండేళ్లలో మూడు ల్యాంపులు పోయాయి. నేను ఆ స్విచ్ మీద టేపు అంటించి, "నాయనా, ఫ్యాను నిలిచాకే దీన్ని ముట్టుకోండి" అని చెప్పి వచ్చాను. నాలుగో ల్యాంపు మూడేళ్లు దాటింది.

కోతకు మందు యూపీఎస్. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే టీవీ లైను దాని మీదికి వేయించండి. ఈ టీవీకి సుమారు 200 వాట్లు చాలు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని అటు పెట్టండి. లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే ల్యాంపు ఆరిపోతుంది. ఆరిపోతే వెంటనే ఆన్ నొక్కొద్దు. వేడి మీద అది వెలగదు, ఊరికే నొక్కుతూ ఉంటే దాన్ని వెలిగించే బోర్డు దెబ్బతింటుంది. పది పదిహేను నిమిషాలు ఆగండి.

ల్యాంపు పూర్తిగా పోతే టీవీ రెండు మూడుసార్లు ప్రయత్నించి లైటు మినుకుమంటూ ఆగిపోతుంది. శబ్దం వచ్చి బొమ్మ రాకపోవచ్చు. మారుస్తుంటే గాజుని వేళ్లతో తాకకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడి పోగై పగులుతుంది. కొత్తది వేశాక మెనూలో ల్యాంపు గంటలు సున్నా చేయించండి. ఎప్పుడైనా లోపల ఠప్పుమని పగిలితే ప్లగ్గు తీసి, కిటికీలు తెరిచి, అందరూ కాసేపు బయటికి వెళ్లండి. పాదరసం ఉంది అందులో.

బొమ్మ మీద కదలని తెల్ల చుక్కలు మొదలైతే చిప్పులోని అద్దాలు ఇరుక్కుంటున్నాయని అర్థం. పది చుక్కలున్నప్పుడే గాలి సరిగా ఆడేలా చూసుకోండి, వందలైతే చిప్పు మార్చడమే. సన్నటి ఈల, డ్రిల్లు తిరిగినట్టు మోత వస్తే రంగుల చక్రం బేరింగు అరిగింది. ఈ టీవీల్ని చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ మిత్సుబిషి కూడా 2012 డిసెంబరులో మానేసింది. అందుకని పాడైన సెట్టు ఎక్కడైనా కనపడితే దాన్ని ముక్కలు కానివ్వకుండా కొని పెట్టుకుంటున్నాను.

రకం ఏదైనా ఇంట్లో చేసే తప్పులు ఒకటే. టీవీ మీద లేసు గుడ్డ కప్పి, పైన పెళ్లి ఫొటో, పూల కుండీ పెడతారు. గాలి రంధ్రాలు మూసుకుంటాయి. గోడకు జానెడైనా వదలండి. శుక్రవారం సాంబ్రాణి టీవీ ఉన్న గదిలో వేస్తే ఆ పొగ లోపలి అద్దం మీద పొరగా పేరుకుంటుంది. నెలకింత చొప్పున బొమ్మ మసకబారుతుంది, టీవీ పాతబడిందనుకుంటారు. ఆ అద్దం మన ఇంటి అద్దం లాంటిది కాదు. మెరిసే పూత ముందు వైపే ఉంటుంది, గుడ్డతో రుద్దితే పూతే లేచిపోతుంది. బ్లోయరుతో ఊదించాలి, అదీ మెకానిక్ చేత. తెరను బయట తుడవాలంటే మెత్తటి తడి గుడ్డ చాలు. గాజు తుడిచే మందు కొట్టొద్దు, అది ప్లాస్టిక్ తెర.

సముద్రం దగ్గర ఊళ్లకు ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టినప్పుడు, చూడకపోయినా వారానికి రెండుసార్లు గంటసేపు నడపండి. లోపలి వెచ్చదనానికి చెమ్మ ఆరుతుంది. ఉప్పు గాలికి బోర్డుల మీద పచ్చగా చిలుము పట్టిన సెట్లు తుమ్మలపెంటలో చాలా విప్పాను. అవన్నీ నెలల తరబడి ఆపి ఉంచినవే. ఉరుములొచ్చేలా ఉంటే ముందే ప్లగ్గుతో పాటు కేబుల్ తీగ కూడా పీకండి, పిడుగు దెబ్బ ఆ తీగ నుంచే ఎక్కువ వస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు తడిసిన సెట్టు ఒకటి నా దగ్గరికి వచ్చింది. నీళ్లు తీసిన రోజే ఆన్ చేసి చూశారట. చేయకుండా తెచ్చి ఉంటే బతికేది.

ఇవన్నీ చూశాక కూడా పని కాదని తేలితే తూకానికి వేయండి, కాదనను. కానీ ట్యూబుల్ని ఇంట్లో పగలగొట్టొద్దు. తెర విప్పితే అందులో సన్నటి గుండ్రటి గీతలున్న ప్లాస్టిక్ రేకు ఒకటి వస్తుంది. ఫ్రెనెల్ లెన్స్ అది. బాగుందని చాలామంది దాచుకుంటారు. అల్లూరులో ఒకాయన దాన్ని మే నెలలో మిద్దె మీద పిట్టగోడకు ఆనించి పెట్టాడు. మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న తాటాకు చాప పొగ లేచింది. భూతద్దం ఎండను ఒక చోటికి లాగినట్టు, ఈ రేకు గజం వెడల్పు ఎండను లాగుతుంది. దాచుకుంటే మందపాటి దుప్పటి చుట్టి, ఎండ పడని గదిలో, మంచం కింద పడుకోబెట్టండి.