కర్నూలు నుంచి వచ్చి హైదరాబాద్ మెట్రోలో తిరిగే ముందు

- కర్నూలు బస్సు దిగే ఎంజీబీఎస్‌లోనే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ లైన్లు కలుస్తాయి, బోర్డు చూసుకుని ఎక్కండి.
- హైటెక్ సిటీ వైపు వెళ్లాలంటే అమీర్‌పేటలో దిగి నీలం లైను పట్టుకోవాలి. ప్లాట్‌ఫాం వేరే అంతస్తులో ఉంటుంది. ఆఫీసు టైంలో అక్కడ కాలు పెట్టే సందుండదు. పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు, పెద్దవాళ్లను లిఫ్టులోనే తీసుకెళ్లండి. మధ్యాహ్నం వెళ్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.
- క్యూఆర్ టికెట్‌ను బయటికొచ్చే గేటు దగ్గరా చూపించాలి. ఫోన్ చార్జింగ్ నింపుకోండి.
- చార్మినార్ దగ్గర మెట్రో స్టేషన్ లేదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో మాట్లాడుకోండి, రేటు ఎక్కకముందే తేల్చుకోండి.
- చివరి రైలు టైం పొద్దున్నే కనుక్కోండి.